ఒగ్గు కథ పెడితే నలుగురే వచ్చారు: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోడు. ఊళ్లో ఆటా పాటా ఉంది, హాస్టల్లో దిగినవాళ్లకు ఖాళీ సాయంత్రం ఉంది, ఈ రెండూ ఎందుకు కలవట్లేదు అని. సాగర్ హిల్ కాలనీలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో తొమ్మిదేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. అత్తాకోడళ్ల ఉత్తరాలు రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అక్కా నమస్తే. నాగార్జునసాగర్ దగ్గర పద్నాలుగు మంచాల హాస్టల్ నడుపుతున్నాను. చదువుకునే పిల్లల హాస్టల్ కాదు, బ్యాగు భుజాన వేసుకుని తిరిగేవాళ్లు ఒకటి రెండు రాత్రులు దిగే డార్మిటరీ. (మా ఊళ్లో ఇప్పటికీ ‘ఇది బీసీ హాస్టలా, ఎస్సీ హాస్టలా’ అని అడుగుతారు.) పోయిన నెల ఒక శనివారం ఒగ్గు కథ పెట్టించాను, డోళ్లు, తాళాలతో దేవుళ్ల కథ పాడి చెబుతారే, అది. సూర్యాపేట వైపు నుంచి ఆరుగురు వచ్చారు. గోడకు పోస్టర్ అంటించాను, గెస్టుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను, మైకు తెప్పించాను, కుర్చీలు వేయించాను. ఆ రోజు పదమూడు మంది ఉన్నారు. వచ్చి కూర్చున్నది నలుగురు, అందులో ఇద్దరు మధ్యలోనే లేచారు. మిగతావాళ్లు పైన మంచాల మీద పడుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. కళాకారుల ముందు తల ఎత్తుకోలేకపోయాను. ఇప్పటి పిల్లలకు మన సంస్కృతి అంటే అసలు లెక్కలేదా?
ఒక హాస్టల్ యజమాని, నల్గొండ జిల్లా

జవాబు: పిల్లల్ని తర్వాత తిడదాం, ముందు మీరు పంపిన పోస్టర్ ఫొటో సంగతి చూద్దాం. ‘తెలంగాణ సాంస్కృతిక సాయంత్రం, అందరూ ఆహ్వానితులే’ అని ఉంది. అది చదివితే నాకే ఏదో ఆఫీసు మీటింగుకు పిలిచినట్టు అనిపించింది. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో వచ్చిన అమ్మాయికి ‘సాంస్కృతిక’ అనగానే గుర్తొచ్చేది స్కూల్ వార్షికోత్సవం, ముఖ్య అతిథి గంటన్నర ఉపన్యాసం, ఆ తర్వాత ఎప్పుడో వచ్చే డాన్సు. దానికోసం మంచం ఎందుకు దిగుతుంది?

ఏ కథ చెబుతున్నారు, ఎవరు చెబుతున్నారు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు అయిపోతుంది. పోస్టర్ మీద ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. చివరిది మరీ ముఖ్యం. ఒగ్గు కథ అసలైతే రాత్రంతా సాగుతుంది, దేవుడి కొలుపుల్లో అయితే రోజుల తరబడి. ఆ సంగతి ఫోన్‌లో చూసి తెలుసుకున్న గెస్టు ‘ఒకసారి కూర్చుంటే లేవడం ఎట్లా’ అని భయపడి అసలు కూర్చోడు. ఎనిమిదిన్నరకు అయిపోతుంది అని తెలిస్తే వస్తాడు, ఒక్కోసారి వాడే ‘ఇంకాస్త చెప్పండి’ అంటాడు.

ఇదే కథను ఇట్లా చెప్పి చూడండి: ‘రాత్రి ఏడున్నరకు మన వాకిట్లో మల్లన్న కథ. ఇంట్లో మేడలమ్మ ఉండగా మల్లన్న దేవుడు గొల్ల కేతమ్మ మీద మనసు పడ్డాడు, తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికి ఆరుగురు డోళ్లతో, తాళాలతో వస్తున్నారు. ఎనిమిదిన్నరకు ముగుస్తుంది, ఆ తర్వాత భోజనం.’ ఇందులో సంస్కృతి అనే మాటే లేదు, అయినా దేవుడి ఇంట్లో గొడవ అంటే చెవి పెట్టని మనిషి ఎవరుంటారు చెప్పండి. నా అనుభవంలో అయితే కనపడలేదు.

ఇక ఎప్పుడు చెప్పాలన్నది. చాలామంది గెస్టు బ్యాగు దించగానే చెప్పేస్తారు, అప్పుడు ఎవరికీ ఏమీ వినపడదు, వాళ్లకు కావలసింది వైఫై పాస్‌వర్డు, వేడినీళ్లు, చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు. సాగర్ వచ్చినవాళ్ల రోజు ఎట్లా నడుస్తుందో మీకు తెలియనిది కాదు, పొద్దున లాంచీ ఎక్కి నాగార్జునకొండ, మధ్యాహ్నం బుద్ధవనం పార్కు, ఎండ తగ్గాక డ్యామ్ మీద ఫొటోలు, ఆరు ఆరున్నరకు అలిసిపోయి తిరిగొచ్చి స్నానం చేసి బయటికొచ్చి మొదట అడిగే మాట ‘రాత్రి ఇక్కడ చూడటానికి ఏముంటుంది?’. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ప్రతిసారీ ‘ఏమీ ఉండదు సార్, తిని పడుకోవడమే’ అన్నాను. అవతల నాలుగు కిలోమీటర్లలో ఎక్కడో డోలు మోగుతూనే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మీరు పట్టుకోవలసింది ఆ ఆరున్నర సమయాన్ని. టీ పైకి పంపకండి, కింద వాకిట్లోనే పెట్టండి. కళాకారుల్ని కూడా ఆరుకే రమ్మనండి, వాళ్లకూ అక్కడే టీ. డోలు సవరించుకుంటూ నాలుగు దెబ్బలు వేస్తారు కదా, ఆ చప్పుడుకు పైనున్నవాళ్లు వరండాలోకి వచ్చి తొంగిచూస్తారు, అప్పుడు మీ వంటబ్బాయో, గది ఊడ్చే అమ్మో ‘రాండ్రి, కింద మంచిగుంటది’ అంటే చాలు. మీరే చెబితే వ్యాపారంలా వినిపిస్తుంది. ఆ కథ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో విన్న మనిషి చెబితే వేరే. మీ స్టాఫ్‌లో అట్లాంటివాళ్లు తప్పకుండా ఉంటారు, ఒకసారి అడగండి.

రోజు విషయంలో కూడా ఒక మాట. వానాకాలంలో సాగర్ 26 గేట్లు ఎత్తారని వార్త వచ్చిందంటే ఆ శని, ఆదివారాలు మీ మంచాలన్నీ నిండుతాయి, జనం ఉన్నారు కదా అని అదే రోజు కార్యక్రమం పెడతారు, కానీ వాళ్లంతా ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాత్రి తొమ్మిదికి చిరాకుగా వస్తారు. ఆ వారం శుక్రవారం పెట్టండి, లేదా ఊరుకోండి.

మైకు, కుర్చీల వరసలు. ఇవి రెండూ తీసేయండి. అవతలి ఒడ్డున అనుపు చూశారా? డ్యామ్ నీళ్లలో మునగకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగినప్పుడు ఇక్ష్వాకుల కాలపు ఆరుబయలు రంగస్థలం ఒకటి బయటపడింది, దాన్ని అనుపులో మళ్లీ కట్టి పెట్టారు. మధ్యలో ఆడే చోటు, చుట్టూ మెట్లు. పదిహేడు వందల ఏళ్ల కిందట మైకు లేదు, జనం ఆటను చుట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ మెట్ల మీద ఒకరోజు కూర్చుని, కింద మధ్యలో మనిషిని మాట్లాడించి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. మీకున్నది పదమూడు మంది. నాలుగు చాపలు, రెండు నులక మంచాలు గుండ్రంగా వేస్తే సరిపోతుంది. చిన్న వాకిట్లో డోలుకు మైకు పెడితే వచ్చేది తలనొప్పే, ఆ ఇద్దరూ లేచింది దానివల్లే అయ్యుండొచ్చు. పైగా ఆరుబయట మైకు పెడితే పర్మిషన్ కావాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అసలు పెట్టకూడదు, ఇవన్నీ మీకెందుకు టెన్షన్.

తెలుగు రానివాళ్లుంటే కథ మొదలుకాకముందే మీరు లేచి మూడు నిమిషాల్లో హిందీలోనో ఇంగ్లీషులోనో కథ చెప్పేయండి. మొత్తం చెప్పేయండి, ముగింపుతో సహా, మన ఊళ్లల్లో మాత్రం ముగింపు తెలియక వింటున్నామా ఏంటి. మధ్యమధ్య అనువాదం చేయకండి, కథకుడి ఊపు పోతుంది. చేతిలోకి వేడి వేడి గుడాలు, అదే గుగ్గిళ్లు, ఇవ్వండి, భోజనం మాత్రం కథయ్యాకే. బీరు సీసాలతో కూర్చోవద్దని ముందే చెప్పండి, ఇది వాళ్ల దేవుడి కథ, అందుకు మొహమాటపడనక్కర్లేదు. లేచి వెళ్లాలనుకున్నవాళ్లకు వెనకాల దారి వదలండి, ఇరుక్కుపోయామనిపిస్తే మనిషి రెండోసారి రాడు.

డబ్బు సంగతి మీరు రాయలేదు కానీ ఉచితంగా పెట్టారని అర్థమైంది. చిన్న మొత్తమైనా సరే తీసుకోండి, గుడాలు, టీ అందులోనే కలిపి. ఊరికే వచ్చినదాంట్లోంచి ఊరికే లేచిపోతారు. అట్లాగని కళాకారులకు ఇచ్చేది ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి ఉండకూడదు. నలుగురొచ్చినా నలభైమంది వచ్చినా మాట్లాడుకున్నంతా ఇవ్వాలి, వాళ్లు బండెక్కకముందే ఇవ్వాలి.

మీరు తల దించుకోవలసిన పనేమీ లేదు. సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతరలో వేలమంది మధ్య చెప్పినవాళ్లు, ఎవరి ఇంటి ముందో పదిమందికి కూడా చెప్పి ఉంటారు, జనం తగ్గితే వాళ్లు నొచ్చుకోరు, అన్నం ఆలస్యమైతేనూ, బస్సు టైముకు డబ్బు అందకపోతేనూ నొచ్చుకుంటారు. ఆఖరుదాకా కూర్చున్న ఇద్దరికీ ఒక మెసేజ్ పెట్టండి, మీకేం నచ్చింది అని. వాళ్లు రాసిన రెండు వాక్యాలు వచ్చేసారి పోస్టర్ మీద పెట్టుకోండి, మీరూ నేనూ కూర్చుని రాసినదానికన్నా బాగుంటుంది.

ప్రతిసారీ ఆటను మీ వాకిట్లోకి తేవాలని కూడా లేదు. మాఘమాసంలో చెరువుగట్టు జాతర ఉంటుంది, పెద్దగట్టు రెండేళ్లకోసారి వస్తుంది. శ్రావణంలో లంబాడీ తండాల్లో తీజ్ పండగ చేస్తారు, గోధుమ నారు పోసి తొమ్మిది రోజులు. తండావాళ్లు పిలిస్తే గెస్టుల్ని తీసుకుని వెళ్లండి, వాళ్ల ఆడపిల్లల్ని అద్దాల రవికెలు తొడుక్కుని మీ హాస్టల్‌కు వచ్చి ఆడమని మాత్రం అడగకండి.

ప్రశ్న: మేడం, మహబూబ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్ నడుపుతాను. నలభైమంది అమ్మాయిలు, సగం మంది ఒడిశా, జార్ఖండ్ పిల్లలు, ఆసుపత్రుల్లో డ్యూటీలు. ఈ ఏడు హాస్టల్లో బతుకమ్మ ఆడిద్దామని ఉంది. డ్యూటీలు చూసుకుంటే అందరికీ కుదిరేది ఆరో రోజు. నోటీసు బోర్డులో పెట్టి హాజరు తప్పనిసరి అని రాయనా? డీజే కావాలంటున్నారు, పెట్టనా?
ఒక వార్డెన్

జవాబు: అమ్మా, ఆరో రోజు అలిగిన బతుకమ్మ! ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. మీ హాస్టల్లో పాలమూరు పిల్లలుంటే వాళ్లే నవ్వుతారు. ఐదో రోజు అట్ల బతుకమ్మ, ఏడో రోజు వేపకాయల బతుకమ్మ, ఈ రెండింట్లో ఏది కుదిరితే అది చూసుకోండి. ఆఖరిదైన సద్దుల రోజు వద్దు, ఇక్కడి అమ్మాయిలంతా ఇళ్లకు వెళ్లిపోతారు, ఆడటం తెలిసినవాళ్లు లేకుండా ఆట ఎట్లా.

హాజరు తప్పనిసరి అన్న మాట ఆ బోర్డు మీద రాసిన నిమిషమే అది పండగ కాకుండా పోతుంది. వద్దు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్ల పడుకుంటుంది, పడుకోనివ్వండి. పూజ అంటే ఇష్టంలేని వాళ్లూ, వేరే మతంవాళ్లూ ఉంటారు, వాళ్లెందుకు రాలేదని ఎవరూ అడగకూడదు.

ఆడటానికి పిలవకండి, పేర్చడానికి పిలవండి. అదే తేడా. మధ్యాహ్నం హాల్లో గునుగు, తంగేడు, బంతి కుప్పలు పోసి, రంగు నీళ్ల గిన్నెలు పెట్టి గునుగుపూల కొసలు అద్దించండి. దారిన పోయే అమ్మాయి కూడా ఆగి ఒక వరస పేరుస్తుంది, ఒక్క వరస పేర్చినా సరే సాయంత్రం అది తన బతుకమ్మే, కిందికి రాకుండా ఉండలేదు. పాట రాదని భయపడేవాళ్లకు చెప్పండి, ఒకరు అందుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అంటే చాలు, రెండో చుట్టుకే ఒడిశా పిల్లల గొంతు మీ గొంతుకన్నా పెద్దగా వినిపిస్తుంది. మా చెల్లెలి హాస్టల్లో ఒకసారి అట్లాగే అయింది, ఆఖరికి వాళ్ల పాట వాళ్లు ఎత్తుకున్నారు, ఇక్కడివాళ్లు దానికి చప్పట్లు కొట్టారు. మీరూ ఇంకో వారం ‘మీ ఊళ్లో ఏం ఆడతారు’ అని వాళ్లకు ఒక సాయంత్రం ఇచ్చి చూడండి. ఎప్పుడూ మనదే చూడమంటే ఎట్లా?

డీజే గురించి నేను పోట్లాడను. బతుకమ్మ సాగనంపి వచ్చాక ఒక అరగంట పెట్టుకోనివ్వండి, చిన్న సౌండుతో. ముందే పెడితే మాత్రం ఇక పాట వినపడదు. పెద్దచెరువు దాకా తీసుకెళ్తే చీకటి పడకముందే తిరిగి రండి, గట్టు దగ్గర తడికి కాళ్లు జారతాయి.

ప్రశ్న: అక్కా, మాది చిందు మేళం, వేషాలు కట్టి పురాణ కథలు ఆడతాం. నాన్న, బాబాయి, అత్త, అందరం ఆడతాం. ఈ మధ్య హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న హాస్టళ్లు, రిసార్టులు పిలుస్తున్నాయి. ‘ఇరవై నిమిషాలు చాలు, వేషాలు వేసుకుని డాన్సు మాత్రమే చేయండి, తర్వాత గెస్టులతో సెల్ఫీలు’ అంటారు. డబ్బు అడిగితే మీకు ప్రచారం వస్తది కదా అంటారు. వేషానికే మాకు రెండు మూడు గంటలు పడుతుంది. పోవాల్నా వద్దా?
ఒక కళాకారుడి కొడుకు, నల్గొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి నాకు పాత సంగతి ఒకటి యాదికొచ్చింది. పేరు చెప్పను, ఒక రిసార్టులో పెద్ద కంపెనీవాళ్ల పార్టీకి ఒగ్గు బృందాన్ని పిలిచి బఫే పక్కన నిలబెట్టారు. అటు చికెన్ పళ్లెంలో వేసుకుంటున్నారు, ఇటు ఆయన మల్లన్నను పిలుస్తున్నాడు, ఒక్కరు తల తిప్పలేదు, మధ్యలో మేనేజర్ వచ్చి కొంచెం సౌండ్ తగ్గించమన్నాడు. నేను అతిథుల్లోనే ఉన్నాను, ఏమీ అనలేదు. ఆ రోజు అనకపోయినందుకు ఇప్పుడు నీకు కొంచెం గట్టిగా చెబుతున్నాను.

పోవాలి, కానీ మీ షరతుల మీద పోవాలి. మిరాశీ ఊరికి పోతే మీకు హక్కుంది, ఆడిన ఊరు గింజలిస్తది, అన్నం పెడతది, తరతరాలుగా ఒకరికొకరు తెలుసు. హాస్టల్‌వాడు మీ మిరాశీ కాదు, వాడితో ఆ చుట్టరికం లేదు, కాబట్టి నగదే. సగం బయానా ముందు, మిగతాది ఆట కాగానే. దారి ఖర్చులు వేరే. పెళ్లిళ్లకు, ఊరి ఆటలకు మీరు తీసుకునేదాన్ని లెక్క పెట్టుకుని దానికి తగ్గకుండా చెప్పు, ప్రచారంతో పొయ్యి వెలగదని వాడికీ తెలుసు. అన్నం విషయం ముందే అడుగు: గెస్టులు ఎక్కడ తింటారో మీరూ అక్కడే, అదే వంట. దీనికి ఒప్పుకోని చోటికి ఎంతిచ్చినా పోవద్దు.

ఇరవై నిమిషాలు అంటే కాదనకు, కానీ ఏ ఇరవై నిమిషాలో మీ నాన్న చెప్పాలి. ఒక ఘట్టం, మొదలూ చివరా ఉన్నది, మాట, పాట, అడుగు మూడూ ఉన్నది. డాన్సు ముక్క తెంపి ఇవ్వకండి.

అసలు నువ్వు వాళ్లకు చెప్పవలసింది ఇంకొకటుంది. మీరు దాస్తున్నదే వాళ్లు ఎక్కువ చూడాలనుకునేది. అర్దళం అనే పసుపు రంగు నూరి మొహానికి పూసుకోవడం, కనుబొమలు దిద్దుకోవడం, కిరీటం, భుజకీర్తులు కట్టుకోవడం, మనిషి కొంచెం కొంచెంగా ఇంకొకరు అయిపోవడం. ఆ రెండు మూడు గంటలు మీరు ఏ గదిలోనో తలుపేసుకుని కూర్చుంటారు. తలుపు తీసి వాకిట్లో కూర్చోండి. సాయంత్రం ఐదుకే ‘వేషం వేసుకుంటున్నారు, వచ్చి చూడొచ్చు’ అని హాస్టల్‌వాడు చెబితే వచ్చినవాళ్లు కదలరు, వాళ్ల కళ్లముందు మీ బాబాయి రాజైతే ఆ రాజు ఏం చేస్తాడో చూడకుండా పోతారా? మాట్లాడాలనుకున్నది అప్పుడే మాట్లాడతారు, సెల్ఫీలు కూడా అప్పుడే అయిపోతాయి. ఇది వేషాల గంటలకు కూడా డబ్బు అడగడానికి నీకు కారణం. అత్తకు ఇష్టంలేకపోతే ఆమె లోపలే వేసుకుంటుంది, అది ఆమె ఇష్టం.

వీడియోలు ఆపలేవు. రెండు మూడు నిమిషాలు తీసుకోండి, కింద మా మేళం పేరు, ఊరు పేరు రాయండి అని ఆట ముందే నిలబడి చెప్పు.

ప్రశ్న: సోమశిల దగ్గర మాకు చిన్న హాస్టల్ ఉంది. కిన్నెర వాయించే పెద్దమనిషిని పిలుద్దామనుకుంటున్నాం. బోర్డు తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా? బయటివాళ్లకు కిన్నెర అంటే ఏం తెలుస్తుంది?

జవాబు: రెండింట్లోనూ రాయండి, కిన్నెరను మాత్రం కిన్నెర అనే రాయండి, ఫోక్ మ్యూజిక్ అని కాదు. తెలియదు కాబట్టే అడుగుతారు, అడిగితే మాట కలుస్తుంది. సొరబుర్రలు, వెదురు, పన్నెండు మెట్లు ఉన్న వాద్యం అని ఒక్క ముక్క కింద రాస్తే సరి. మీ నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు బుర్రవీణకు 2024లో వచ్చింది. ఇది చెబితే మీ గెస్టులు ఫోన్ తీసి వెతుక్కుంటారు, వెతుక్కోనివ్వండి. కానీ వచ్చేది వాళ్లు కాదు, వేరే పెద్దమనిషి, ఆ తేడా స్పష్టంగా చెప్పండి, పెద్ద పేరు చూపి ఇంకొకరిని కూర్చోబెడితే ఇద్దరికీ అవమానమే. ఆయన పేరే పెద్దక్షరాలతో రాయండి. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ ఆయనకు వస్తే అదే అడగండి, ఈ నేల కథ, ఎవరికైనా రెండు మాటల్లో అర్థమవుతుంది. కృష్ణ ఒడ్డు కదా, గాలికి తీగ చప్పుడు నిలవదు, ఒడ్డున కాకుండా గోడ చాటున కూర్చోబెట్టండి.

ప్రశ్న: నేను అవతలి మనిషిని, అంటే గెస్టును. పోయిన నెల మీ వైపు ఒక హాస్టల్లో దిగాను. ఓనరు రాత్రి మూడుసార్లు తలుపు కొట్టి ‘కార్యక్రమం ఉంది రండి సార్, మన సంస్కృతి సార్’ అన్నాడు. జ్వరంగా ఉందన్నా వినలేదు. ఇది పద్ధతేనా?

జవాబు: కాదు. టీ దగ్గర ఒకసారి చెప్పాలి, అంతే, తలుపు కొట్టడం ఒక్కసారి కూడా వద్దు. ఈ పేజీ చింపి ఆయనకు పోస్టులో పంపండి. జ్వరం తగ్గిందా?